పద్దెనిమిదో మెట్టు

గీత ఇంకా నాలుగు బారల దూరంలో ఉందనగా కూడా సైమన్ క్లార్క్ ఓడిపోయే మనిషే.

2022 జులై 6. ఫ్రాన్స్ ఉత్తరాన అరెన్‌బర్గ్ అనే పాత బొగ్గుగనుల ఊరు. మూడువారాల సైకిల్ పోటీ టూర్ డి ఫ్రాన్స్‌లో ఐదో రోజు పందెం అక్కడ ముగుస్తోంది. దారిలో 11 చోట్ల రాళ్ళు పరిచిన పాతకాలపు బండ్ల బాటలు. అన్నీ కలిపితే 19 కిలోమీటర్ల పైమాటే. ఆ రాళ్ళ మీద సైకిల్ తొక్కుతుంటే దవడలు కూడా కదులుతాయట. మొదట్లోనే గుంపులోంచి విడివడి ఆరుగురు ముందుకు పోయారు. ఆఖరి కిలోమీటరు వచ్చేసరికి వాళ్ళలో నలుగురు మిగిలారు. అమెరికా కుర్రాడు నీల్సన్ పౌలెస్ ముందు దూకాడు. నార్వే పెద్దమనిషి బోసన్ హాగన్ అతని వెంటపడ్డాడు. ఆ వెనక నుంచి డచ్చివాడు టాకో వాన్ డెర్ హోర్న్ ఒక్క ఊపున లేచాడు. ఇక అయిపోయింది, అతనిదే అనుకున్నారంతా. క్లార్క్ ఆ క్షణంలో సైకిల్ విసిరాడు. విసరడమంటే వదిలెయ్యడం కాదు. ఒళ్ళు వెనక్కి లాగి, చేతులు బారుగా చాచి, ముందు చక్రాన్ని ఓ జానెడు అవతలికి తోయడం. ఎవరు గెలిచారో ఫొటో తీసి చూస్తే గానీ తేలలేదు. టైరు మందమంత తేడాతో క్లార్క్.

అంతకు ఆర్నెల్ల ముందు ఈ ఆస్ట్రేలియా వాడికి ఉద్యోగమే లేదు. పాత జట్టు డబ్బుల్లేక మూతపడింది. 35 ఏళ్ళవాణ్ణి ఎవరు తీసుకుంటారు? జనవరిలో ఇజ్రాయెల్ ప్రీమియర్ టెక్ అనే జట్టు చేరదీసింది. ఆ జట్టుకి టూర్‌లో అదే మొట్టమొదటి గెలుపు. దానికి కాగితం మీద కట్టిన వెల 120 పాయింట్లు.

ఆ గెలుపుకి దాదాపు నెల ముందు, జూన్ మొదట్లో, బెల్జియంలో హైస్ట్ ఒప్ డెన్ బెర్గ్ అనే చిన్న పట్నంలో ఓ పందెం జరిగింది. పేరు హైస్ట్ పైల్. ఆ దేశం దాటితే ఆ పేరు విన్నవాళ్ళు తక్కువ. ఆర్నో ద లీ అనే 20 ఏళ్ళ కుర్రాడు గెలిచాడు. దానికి 125.

అచ్చుతప్పు కాదు. ప్రపంచమంతా చూసే పందెంలో రోజు గెలిస్తే 120, ఊరి పందెం గెలిస్తే 125. ఆ ఐదు పాయింట్ల తేడాలోంచే ఈ కథంతా పుట్టింది.

*

ఈ లెక్క తెలియకే నా జట్టు మునిగింది.

నాదంటే నిజం జట్టు కాదు. ఆన్‌లైన్‌లో సైకిల్ జట్టు నడిపే ఆట ఒకటి ఆడతాను. అందులో మనం తొక్కేదేమీ ఉండదు. మేనేజర్ గిరీ. మనుషుల్ని కొనాలి, జీతాలు కట్టాలి, ఎవణ్ణి ఏ పందేనికి పంపాలో నెలల ముందే రాసిపెట్టుకోవాలి. ఫ్రాన్స్‌లో సయనైడ్ అనే సంస్థ 2001లోనే సైక్లింగ్ మేనేజర్ అని ఒకటి తెచ్చింది. తర్వాత ఇలాంటివి రకరకాలు పుట్టాయి. నేనాడేదాంట్లో మూడు డివిజన్లు. సీజన్ చివర పై డివిజన్‌లో అడుగున మిగిలినవాళ్ళు కిందికి దిగిపోతారు. నా జట్టు పేరు చిన్నరసాలు. నూజివీడు వాడు ఇంకేం పెడతాడు?

2023 వేసవి. తోటలో గుడిసె ముందు నులకమంచం. కాయ కోతకొచ్చిన రోజుల్లో రాత్రిళ్ళు తోటలో ఎవరో ఒకరు పడుకోవాలి. ఆ నెల కాపలా వంతు బాబాయిదీ నాదీ. ఒళ్ళో ల్యాప్‌టాప్, దానికి సెల్‌ఫోన్ నుంచి నెట్టు. నా మేటి పరుగుకాణ్ణి టూర్‌కి పంపాను. వాడు రెండు రోజులు గెలిచాడు కూడా. గుడిసె దద్దరిల్లేలా అరిచాను. వారం తిరిగేసరికి పట్టికలో నా కింద ఉన్న ఇద్దరూ నా పైకి ఎక్కి కూర్చున్నారు. వాళ్ళు టూర్ మొహమే చూడలేదు. బెల్జియంలో, స్పెయిన్‌లో చిన్నాచితకా పందేలు ఏరుకున్నారు. సీజన్ ముగిసింది. స్క్రీన్ మీద ఎర్రక్షరాలు. చిన్నరసాలు రెండో డివిజన్‌కి.

"ఏరా, పూత మాడిన తోటలా పెట్టావేంటి మొహం?" అన్నాడు బాబాయి.

"జట్టు దిగిపోయింది బాబాయ్."

"హైదరాబాదా? అది జనవరిలోనే పోయిందిగా!"

ఆయన మాటలో తప్పు లేదు. తెలుగువాడికి దిగిపోవడమంటే ఏంటో ఆ ఏడాది మళ్ళీ తెలిసింది. 1937-38లో, మళ్ళీ 1986-87లో రంజీ ట్రోఫీ గెలిచిన హైదరాబాద్ 2022-23 సీజన్‌లో గ్రూపులో అట్టడుగున నిలిచి ప్లేట్ గ్రూపుకి పడిపోయింది. పెద్ద జట్లతో ఆడే అర్హత పోయింది. ఇక ఈశాన్య రాష్ట్రాల కొత్త జట్లతో ఆడుకోవాలి. బాబాయి అజారుద్దీన్ కాలం మనిషి. ఆ వార్త వచ్చిన రోజు అన్నం సరిగ్గా తినలేదని పిన్ని చెప్పింది.

"హైదరాబాద్ కాదు, సైకిళ్ళు" అని, ఆ రాత్రి నిరుటి అసలు కథ చెప్పడం మొదలెట్టాను. నా ఆటలో నకలు తీసిన నిజం కథ.

*

అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్యను యూసీఐ అంటారు. స్విట్జర్లాండ్‌లో ఉంటుంది. పై అంతస్తును వరల్డ్ టూర్ అంటారు. అందులో సీట్లు 18. ఆ పద్దెనిమిది జట్లలో ఉంటే టూర్ డి ఫ్రాన్స్ సహా పెద్ద పందేలన్నిటికీ పిలుపు హక్కుగా వస్తుంది. ఆ కింద ఉన్నవాళ్ళలో చాలామంది పిలుస్తారేమోనని ఎదురుచూడాలి. ఈ లోపల డబ్బులు పెట్టే కంపెనీ వాడు ఫోన్ చేసి, "టూర్‌లో ఉంటామా లేదా?" అని అడుగుతాడు. సైకిల్ జట్లకి స్టేడియం లేదు, టికెట్లు లేవు. చొక్కా మీద పేరు రాయించుకున్న కంపెనీ ఇచ్చేదే కూడు. ఆ ఫోన్‌కి జవాబు లేకపోతే జట్టు లేదు.

2020, 2021, 2022. మూడేళ్ళ పాయింట్లు కలిపి మొదటి 18 జట్లకి తర్వాతి మూడేళ్ళూ లైసెన్సు. రాసినప్పుడు బాగానే ఉంది. ఆ లెక్క మొదలైన ఏడాదే కరోనా వచ్చింది. మార్చి మధ్య నుంచి జులై ఆఖరి దాకా పందేలే లేవు. అయినా లెక్క ఆగలేదు. జట్టులో 30 మంది దాకా ఉన్నా అప్పట్లో ఏటా బాగా సంపాదించిన పదిమంది పాయింట్లే కలిపేవాళ్ళు. బయట నుంచి రెండు జట్లు, ఆల్పెసిన్, ఆర్కియా, దూసుకొస్తున్నాయి. వాళ్ళు ఎక్కేలాగే కనిపించారు. ఇద్దరు ఎక్కితే ఇద్దరు దిగాలి.

ఎవరు? అంచున వేలాడుతున్నవాళ్ళలో స్పెయిన్ మోవిస్టార్, అమెరికా ఈఎఫ్, ఆస్ట్రేలియా బైక్ ఎక్స్చేంజ్, బెల్జియం లోటో సుడాల్, ఇజ్రాయెల్ ప్రీమియర్ టెక్. ఎవరూ అనామకులు కారు.

ఇక అప్పటి ధరల పట్టీ. టూర్ మొత్తం గెలిస్తే 1000. మిలాన్-శాన్‌రెమో లాంటి వందేళ్ళనాటి మహాపందెం గెలిస్తే 500. టూర్‌లో ఒక రోజు గెలిస్తే 120. కింది తరగతి ఒక్కరోజు పందెం గెలిస్తే 125, రెండోవాడికి 85, మూడోవాడికి 70. ఆ ఆఖరి రెండంకెలూ కలిపి చూడండి. 155. అంటే గెలిచిన జట్టు కంటే, గెలవకుండా రెండు, మూడు స్థానాల్లో వచ్చిన జట్టుకే ఎక్కువ. పందెం గెలవడం అప్పుడప్పుడు నష్టం బేరం.

ఇక్కడ బాబాయి లేచి కూర్చున్నాడు.

"కలెక్టర్ కాయ లెక్క" అన్నాడు.

మా వైపు కాయ సంగతి తెలియనివాళ్ళకి చెప్పాలి. చిన్నరసం నూజివీడు పరువు. పట్టుకుంటే పిడికిట్లో ఇమిడిపోతుంది, తొక్క పల్చన, లోపల పీచూ రసమూ తప్ప ముక్కంటూ ఉండదు. కోసి తినే పండు కాదు, జుర్రుకునేది. అందుకే దూరం పంపలేం. లారీలో రెండు రోజులుంటే నీరుగారిపోతుంది. బంగినపల్లి ప్రయాణానికి ఓర్చుకుంటుంది. ఢిల్లీ దాకా పోతుంది. ఇక తోతాపురిని ఇక్కడ కలెక్టర్ అంటాం. దానికి రుచి ఉందని ఎవరూ ఒట్టేసి చెప్పరు. గట్టి కాయ, బరువైన కాయ, గుజ్జు ఫ్యాక్టరీకి టన్నుల్లో పోతుంది. పేరు చిన్నరసానిది, తూకం కలెక్టర్‌ది. అప్పు తీరాల్సిన ఏడాది రైతు ఏ చెట్టు వైపు చూస్తాడో మీరే చెప్పండి.

*

లోటో జట్టు వెనకున్నది బెల్జియం జాతీయ లాటరీ. 1985 నుంచి ఆ పేరు గుంపులో తిరుగుతూనే ఉంది. లాటరీ వాళ్ళ జట్టు అదృష్టం మీద ఆధారపడితే వింతేముంది. వాళ్ళ సొమ్మంతా కేలెబ్ యూవన్ అనే పొట్టి ఆస్ట్రేలియన్ మీద కాశారు. టూర్‌లో ఐదుసార్లు గెలిచినవాడు. ఆ ఏడాది మేలో జీరో డి ఇటాలియా మొదటి రోజే, హంగరీలో గీతకు అడుగుల దూరంలో కిందపడ్డాడు. జులైలో టూర్‌కి వెళ్ళాడు. ఒక్క రోజూ గెలవలేదు. మధ్యలో మళ్ళీ పడ్డాడు. మొండిగా పారిస్ దాకా తొక్కి అందరికంటే ఆఖరున చేరాడు. ఆఖరివాణ్ణి అక్కడ 'ఎర్ర లాంతరు' అంటారు. గార్డు పెట్టె వెనక వేలాడే దీపం అన్నమాట. లక్షలు పోసి కొన్న గుర్రం ఎర్ర లాంతరు పట్టుకుని వచ్చింది.

అదే సమయానికి జట్టు ఇంకో కుర్రాణ్ణి పారిస్‌కి దూరంగా ఉంచింది. ఆర్నో ద లీ. బెల్జియం దక్షిణాన ఆర్డెన్ కొండల్లో లెషెరె అనే పల్లె. తల్లిదండ్రులది పశువుల కమతం. పాలు, పేడ, గడ్డి మధ్య పెరిగాడు. దిట్టమైన తొడలు, తలొంచి దూసుకుపోయే పద్ధతి చూసి 'లెషెరె ఎద్దు' అన్నారు. మనవాళ్ళయితే ఒంగోలు గిత్త అనేవాళ్ళు. జనవరి 30న స్పెయిన్ దీవి మయోర్కాలో మొదటిసారి గెలిచాడు. అప్పటికి ఇరవై నిండలేదు. అదే అతనికి పెద్దవాళ్ళ మధ్య తొలి సీజన్. మేలో మార్సెల్ కింట్ పందెం, జూన్‌లో హైస్ట్, తర్వాత ఎగ్మాంట్. ఏడాదిలో మొత్తం తొమ్మిది. అన్నీ కాకపోయినా ఎక్కువ భాగం అదే 125 సరుకు.

ఈ కుర్రాణ్ణి టూర్‌కి ఎందుకు పంపలేదు? ఇరవై ఏళ్ళవాడికి మూడువారాల పందెం ఎక్కువన్నది ఒక కారణం, అది నిజమే కూడా. రెండోది అందరికీ తెలిసిందే. హైస్ట్‌లో కాసే చెట్టుని తీసుకెళ్ళి ఎండలో నాటడం ఎందుకు? అతని పక్కనే ఫిలిప్ జిల్బెర్. పదేళ్ళ కింద ప్రపంచ విజేత, నలభైకి చేరువైనవాడు, అదే ఆఖరి ఏడాది. మే నెలలో డంకర్క్ నాలుగు రోజుల పందెం గెలిచి తన వంతు తట్ట తనూ మోశాడు. పేరున్న ముసలివాడు, మీసం రాని కుర్రాడు ఊరూరా తిరిగి పాయింట్లు ఏరుకురావడం. ఆ దృశ్యం తలుచుకుంటే నాకు కోత అయిపోయాక పరిగె ఏరుకునే ఆడవాళ్ళే గుర్తొస్తారు.

ఇజ్రాయెల్ జట్టు కథ వేరు. యజమాని సిల్వన్ ఆడమ్స్ కెనడా నుంచి వెళ్ళి స్థిరపడ్డ కోటీశ్వరుడు. కొన్న సరుకు ఖరీదైనదే కానీ మగ్గినది. టూర్ నాలుగుసార్లు గెలిచిన క్రిస్ ఫ్రూమ్ 2019 జూన్‌లో గోడకి గుద్దుకుని తొడ ఎముక విరగ్గొట్టుకున్నాక మునుపటి మనిషి కాలేదు. మిగతావాళ్ళూ ముప్పయ్యైదుకి అటూ ఇటూ. ఆ ముసలి జట్టే ఆ జులైలో విరగబూసింది.

క్లార్క్ గెలిచాక రెండువారాలకి, జులై 19న, పిరనీస్ కొండల కింద ఫువా పట్నం. కెనడా వాడు హ్యూగో ఊల్. 31 ఏళ్ళు. ఎప్పుడూ వేరేవాళ్ళకి నీళ్ళ సీసాలు మోసే రకం. తమ్ముడు పియెరిక్‌ని 2012 డిసెంబర్‌లో తాగి కారు నడిపినవాడెవడో గుద్ది పారిపోయాడు. జాగింగ్‌కి వెళ్ళిన కుర్రాడు రోడ్డు పక్క చనిపోయి దొరికాడు. వాడి కోసం టూర్‌లో ఒక రోజు గెలవాలని ఊల్ పదేళ్ళుగా అనుకుంటున్నాడు. ఆ రోజు నలభై కిలోమీటర్లు మిగిలుండగా ఒంటరిగా కదిలాడు. వెనక సొంత జట్టు మనిషి మైకేల్ వుడ్స్, మోవిస్టార్ కుర్రాడు మాటియో జోర్గెన్సన్. ఆ మోవిస్టార్ కూడా మునిగేవాళ్ళ జాబితాలోదే. కొండ దిగుతూ మలుపులో జోర్గెన్సన్ జారి పడ్డాడు. ఊల్ ముందు గీత, పైన ఆకాశం. వేలు పైకి చూపిస్తూ దాటాడు.

120.

బాబాయి లెక్క కట్టాడు. "రెండు రోజులు గెలిచారు. రెండువందల నలభై. ఆ పాడి కుర్రాడు ఏం చేశాడు?"

"రెండు ఊరి పందేలు. రెండువందల యాభై."

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఎక్కడో గబ్బిలం పట్టు తప్పిందేమో, కాయ రాలిన చప్పుడు. తర్వాత అన్నాడు: "ఆ తమ్ముడి ప్రాణం కూడా తూకంలో వేశారా?"

*

ఆ 2022లోనే, ఏప్రిల్ 4న, మా నూజివీడుని కృష్ణా జిల్లాలోంచి తీసి ఏలూరు జిల్లాలో కలిపారు. పొద్దున్నే లేచేసరికి మేమూ ఒక పట్టీలోంచి ఇంకో పట్టీలోకి మారిపోయాం. చెట్లు కదల్లేదు, కాగితం కదిలింది. అందుకేనేమో ఈ సైకిళ్ళ కథ మావాళ్ళకి చెప్తే ఇట్టే తలకెక్కుతుంది.

టూర్ అయిపోయాక అసలు గిలగిల మొదలైంది. ఆగస్టు 17న ఆర్కియా జట్టు పెద్ద దిక్కు నైరో కింటానా రక్తంలో ట్రమడాల్ అనే నొప్పి మాత్ర జాడ దొరికిందని యూసీఐ ప్రకటించింది. టూర్‌లో అతని ఆరో స్థానం చెరిపేశారు, పాయింట్లూ పోయాయి. కింద వేలాడేవాళ్ళ ప్రాణం లేచొచ్చింది. కానీ ఆర్కియా అప్పటికే సరిపడా గాదె నింపుకుంది. పడలేదు.

మోవిస్టార్‌ని మూడేళ్ళ కింద ఎవరైనా దిగిపోతుందంటే నవ్వేవాళ్ళు. అలాంటి జట్టు సెప్టెంబర్ అంతా చెమటలు కక్కింది. వాళ్ళ ఎన్రిక్ మాస్ టూర్‌లో కొండ దిగడానికే భయపడి తేలిపోయాడు. అదే మనిషి స్పెయిన్ వ్యుయెల్టాలో రెండోవాడు. అక్టోబర్ 1న ఇటలీలో జీరో దెల్ ఎమీలియా పందెంలో ఆ కాలపు మేటి, సాక్షాత్తూ పొగాచర్‌నే వదిలించుకుని గెలిచాడు. వారం తిరిగేసరికి లొంబార్దియాలో పొగాచర్ వెనకే రెండు. అక్కడే మోవిస్టార్ జట్టు 42 ఏళ్ళ వాల్వెర్దె ఆఖరిసారి నంబరు కట్టుకుని తొక్కాడు. సన్మానాలు చేయించుకోవాల్సిన ఏడాది ఆయనకి పాయింట్ల కూలి తప్పలేదు.

అప్పటికి యూరప్‌లో పందేలు నిండుకున్నాయి. బతకాలనుకున్నవాళ్ళు మూటలు కట్టుకుని తూర్పుకి బయల్దేరారు. అక్టోబర్ మధ్యలో మలేషియాలో లంకావి పందెం, జపాన్‌లో జపాన్ కప్పు. మామూలు ఏడాదిలో అక్కడికి పంపేది అలిసినవాళ్ళని, కుర్రవాళ్ళని. ఆ ఏడు పంపింది ఆకలి మీదున్నవాళ్ళని. లంకావి మోవిస్టార్‌కి చెందిన ఇవాన్ సోసా గెలిచాడు. జపాన్‌లో గెలిచింది ఎవరనుకున్నారు? అరెన్‌బర్గ్‌లో ముందుగా దూకి చివరికి చేజార్చుకున్న పౌలెస్. అతని జట్టు ఈఎఫ్ ఒడ్డున పడింది.

సిల్వన్ ఆడమ్స్ కోర్టుకి పోతామన్నాడు. కరోనా ఏడాదిని కలిపి లెక్కేయడం అన్యాయమన్నాడు. ఆ వాదనలో పస లేకపోలేదు. కాకపోతే అదే కరోనా మిగతా పదిహేడు జట్ల మీదా పడింది.

గేటు మూసేసరికి పంతొమ్మిదో స్థానంలో లోటో, ఇరవయ్యో స్థానంలో ఇజ్రాయెల్.

తొమ్మిది గెలుపుల ద లీ చాలలేదు. 2022 ఒక్క ఏడాదే చూస్తే లోటో బాగా పైనే ఉంది. ముంచింది అంతకు ముందు రెండేళ్ళు. ఎద్దు బలంగానే లాగింది, బండి అప్పటికే ఇరుసు దాకా దిగబడి ఉంది. పైగా ఇన్నేళ్ళు చొక్కా మీదున్న జిగురు కంపెనీ సుడాల్ పక్క జట్టుకి వెళ్ళిపోయింది. టూర్‌లో రెండు రోజులు గెలిచి ప్రపంచం చేత కంటతడి పెట్టించిన జట్టు ఇంకా ఒక మెట్టు కింద.

*

మరుసటి ఏడాది యూసీఐ తూకపు రాళ్ళు మార్చింది. టూర్‌లో రోజు గెలిస్తే 210. టూర్ మొత్తానికి 1300. మహాపందేలకి 800. పదిమంది బదులు ఇరవైమంది లెక్క. క్లార్క్, ఊల్ ఏడాది ఆగి గెలిచుంటే 420. మా దగ్గర ధర ఎప్పుడూ అంతే, మన కాయ అమ్ముడైన మర్నాడు లేస్తుంది.

లోటో మాత్రం చితికిపోలేదు. రెండో అంతస్తులో మేటి జట్టు కాబట్టి పెద్ద పందేలకి పిలుపు మామూలుగానే వచ్చింది, వెళ్ళాల్సిన బాధ్యత మాత్రం లేదు. 2023లో జీరోకి మేం రామని హాయిగా చెప్పేశారు. కిందపడ్డాక దొరికిన స్వేచ్ఛ అది. 2023 జులైలో, ఫువాలో మూడోవాడిగా వచ్చిన మైకేల్ వుడ్స్, ప్వీ ద దోమ్ అనే చల్లారిన అగ్నిపర్వతం ఎక్కి టూర్‌లో రోజు గెలిచాడు. ఇజ్రాయెల్ జట్టుకి కొత్త రాళ్ళతో 210. సెప్టెంబర్‌లో ద లీ కెనడాలోని కెబెక్‌లో పెద్ద అంతస్తు పందెం మొదటిసారి గెలిచాడు. బాబాయికి ఫోన్ చేసి చెప్పాను.

"మన గిత్తేనా?" అన్నాడు. అప్పటికే మనదైపోయింది.

2024 ఫిబ్రవరిలో ఆయనే చేశాడు ఫోన్. హైదరాబాద్ ప్లేట్ ఫైనల్లో మేఘాలయని ఓడించి పైకొచ్చిందని. అంతకుముందు నెల తన్మయ్ అగర్వాల్ అరుణాచల్ మీద 147 బంతుల్లో మూడువందలు కొట్టాడు, చివరికి 366. బాబాయికి ఆ స్కోరు మీద గొప్ప అభిప్రాయం లేదు. "కింది గ్రూపులో కొట్టింది అదీ ఒక ట్రిపులేనా?" అన్నాడు. మళ్ళీ తనే, "అయినా పైకి తెచ్చింది అదేగా" అని పెట్టేశాడు.

తర్వాతి మూడేళ్ళ లెక్క 2025 చివర తేలింది. లోటో, ఇజ్రాయెల్ రెండూ తిరిగి పద్దెనిమిదిలోకి వచ్చాయి. వచ్చాయన్న మాటే గానీ పాత రూపంలో కాదు. లోటో పొరుగు జట్టు ఇంటర్మార్షేతో కలిసి ఒకే కాండమైంది. ఇజ్రాయెల్ జట్టు పేరూ ఊరూ మార్చుకుంది. ఆ రోజుల్లో ఎక్కిన ఆర్కియా మూతపడింది. అప్పుడు గట్టెక్కిన కోఫిదిస్ ఇప్పుడు దిగింది. కజకిస్థాన్ జట్టు అస్తానా వేల పాయింట్ల వెనక నుంచి, చైనా సైకిళ్ళ కంపెనీ డబ్బుతో, చిన్న పందేలన్నీ ఊడ్చి బతికి బయటపడింది. రాళ్ళు మార్చినా ఊడ్చేవాడు ఊడుస్తూనే ఉన్నాడు.

ఈ వేసవి మళ్ళీ అదే మంచం. పొద్దుటి నుంచి కలెక్టర్ కోత. చిక్కంతో కోసేవాళ్ళు కోస్తుంటే, ముచ్చిక విరిగిన కాయల్ని బాబాయి విడిగా బోర్లిస్తున్నాడు, సొన కారి మచ్చ పడకుండా. సాయంత్రానికి ట్రాక్టరు నిండింది. చీకటి పడ్డాక వచ్చి పక్కన కూర్చున్నాడు. చేతులు ఎంత కడిగినా సొన వాసన పోలేదు. స్క్రీన్ మీద చిన్నరసాలు జట్టు. రెండేళ్ళు కింద ఈడ్చి నిరుడే పైకెక్కాం.

"ఎన్నో స్థానం?"

"పద్దెనిమిది."

"కిందోడు ఎంత దూరంలో ఉన్నాడు?"

"నూట పది."

వేళ్ళ మీద ఏదో లెక్కేసుకున్నాడు. "ఆదివారం ఏముంది?"

"రెండున్నాయి బాబాయ్. కొండ మీద పెద్దది ఒకటి. బెల్జియంలో ఊరి పందెం ఒకటి. మన పిల్లాడు ఒక్కడే, ఒకదానికే పంపగలం."

లుంగీ మడతలోంచి చిన్నరసం ఒకటి తీశాడు. రెండు అరచేతుల మధ్య పెట్టి మెల్లగా పిసికాడు, గట్టితనం పోయి లోపల టెంక కదిలేదాకా. తొడిమ దగ్గర పంటితో కొరికి, ఆ మొదటి చేదు చుక్క మంచం పక్కకి ఉమ్మేసి, జుర్రుకోవడం మొదలెట్టాడు. రసం మణికట్టు మీదుగా మోచేతి దాకా కారింది. దాన్ని కూడా వదల్లేదు.

"ఊ, చెప్పు బాబాయ్" అన్నాను.

టెంక చీకట్లోకి విసిరి, "టైముంది కదరా" అంటూ ఇంకోటి తీశాడు.